చేతులుంచే ముందు చేతులు కడుగుదాం

వాక్య ధ్యానం: యాకోబు 5:14-15; మార్కు 7:1-13

 

ఈ వారం మీకు ఏదైనా చెప్పే ముందు నేనే ఒక తప్పు ఒప్పుకోవాలి.

కొంతకాలం క్రితం మన సంఘంలో ఒక సహోదరికి సిజేరియన్ ఆపరేషన్ అయింది. ఆదివారం ఆరాధన ముగియగానే తొమ్మిది మందిమి ఒకే ఆటోలో ఆసుపత్రికి బయలుదేరాం. స్త్రీల సమాజం అక్కలు, ఇద్దరు సంఘ పెద్దలు, ఇద్దరు యవ్వనస్థులు, పాస్టరమ్మ, నేను. దారిలో బత్తాయిలు కొన్నాం. వార్డు తలుపు దగ్గర ఒక నర్సమ్మ మమ్మల్ని ఆపింది. "అయ్యగారూ, ఇద్దరు వెళ్ళండి, మిగతావాళ్ళు బయట ఉండండి. లోపలికి వెళ్ళేవాళ్ళు అక్కడ చేతులు కడుక్కోండి. కుట్లు ఇంకా పచ్చిగా ఉన్నాయి" అని చెప్పింది.

నాకు కోపం వచ్చింది. "చుట్టపు చూపుగా రాలేదమ్మా, ప్రార్థన చేయడానికి వచ్చాం" అన్నాను. ఆమె ఇంకేదో చెప్పబోయింది గానీ, అంతలో లోపల నుంచి ఎవరో పిలిచారు. ఆ వార్డు మొత్తానికి ఆ పూట ఆమె ఒక్కతే. ఆమె అటు వెళ్ళగానే మేము తొమ్మిది మందిమీ లోపలికి వెళ్ళాం. ఒక అక్క మంచం అంచున కూర్చుంది. ఒకరు బైబిల్ తలగడ పక్కన పెట్టారు. నేను జేబులోంచి నూనె సీసా తీసి, వేలు ముంచి, తల్లి నుదుటికి రాశాను, పసిబిడ్డ నుదుటికి రాశాను. పక్క మంచాల వాళ్ళు కూడా ప్రార్థన అడిగారు. అదే సీసా, అదే వేలు, ఐదు మంచాలు. తిరిగి వస్తూ "ఎంత మంచి పరిచర్య జరిగింది, దేవునికి స్తోత్రం" అనుకున్నాం. తరువాతి ఆదివారం ఆ నర్సమ్మ మాట ఎత్తి, సువార్తకు అడ్డు వచ్చిందని పుల్పిట్ మీద నుంచే అన్నాను. మీలో చాలామంది ఆ రోజు "ఆమేన్" అన్నారు.

ఆ సహోదరి కుట్లకు చీము పట్టింది. జ్వరం వచ్చింది. కుట్లు విప్పి, రోజూ గాయం శుభ్రం చేసి, మళ్ళీ కుట్టేసరికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ భర్తకు కూలి పోయింది. వడ్డీకి డబ్బు తెచ్చారు. బిడ్డ అమ్మమ్మ దగ్గర డబ్బాపాలతో పెరిగింది. దేవుని కృపవలన తల్లీ బిడ్డా ఈ రోజు క్షేమంగా ఉన్నారు.

ఆ చీము మా వల్లే పట్టిందని నేను చెప్పలేను. ఆపరేషన్ గదిలో పట్టి ఉండవచ్చు, మరొక చేతి నుంచి వచ్చి ఉండవచ్చు. కానీ మా వల్ల కాదని కూడా చెప్పలేను. ఆ రెండో మాటే నన్ను చాలా రాత్రులు నిద్రపోనివ్వలేదు. మన సంఘంలో నర్సింగ్ చదువుతున్న ఒక అమ్మాయి సెలవులకు వచ్చినప్పుడు ఈ సంగతంతా విని, తల వంచుకుని మెల్లగా ఒకే ఒక్క మాట అడిగింది: "అయ్యగారూ, ఆ నూనె సీసా ఎన్నాళ్ళ నుంచి వాడుతున్నారు?"

నా దగ్గర జవాబు లేదు.

ఐదు గదుల మీదుగా నడిచిన పాదిరి

ఆ తరువాత ఈ సంగతి గురించి కొంత చదివాను. సెమినరీలో మాకు సంఘ చరిత్ర చెప్పారు గానీ, చేతులు కడుక్కోవడానికి కూడా ఒక చరిత్ర ఉందని ఎవరూ చెప్పలేదు.

1840లలో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో ఒక పెద్ద ఆసుపత్రి ఉండేది. అక్కడ కాన్పులకు రెండు విభాగాలు. మొదటి దానిలో డాక్టర్లు, వైద్య విద్యార్థులు కాన్పులు చేసేవారు. రెండో దానిలో మంత్రసానులు చేసేవారు. రెండు చోట్లా బాలింత జ్వరంతో తల్లులు చనిపోయేవారు గానీ, మొదటి విభాగంలో చావులు చాలా ఎక్కువ. ఊళ్ళో ఆడవాళ్ళకు ఈ సంగతి తెలుసు. మొదటి విభాగంలో వేయవద్దని ఏడ్చి బతిమాలుకునేవారు. చదువుకున్న డాక్టర్లున్న చోట తల్లులు ఎక్కువగా ఎందుకు చనిపోతున్నారో ఎవరికీ అంతుపట్టలేదు.

అక్కడ పనిచేసే ఇగ్నాజ్ సెమ్మెల్వైస్ అనే హంగేరీ డాక్టరు ఒక్కొక్క కారణాన్నీ పరీక్షించి చూశాడు. అతడు పరీక్షించిన కారణాల్లో ఒకటి ఏమిటో తెలుసా? పాదిరి! చనిపోబోతున్న వారికి చివరి సంస్కారం ఇవ్వడానికి పాదిరి వచ్చేవాడు. అతని ముందు ఒకడు గంట కొట్టుకుంటూ నడిచేవాడు. మొదటి విభాగంలో రోగి గదికి చేరాలంటే వాళ్ళు ఐదు గదుల మీదుగా నడవాలి. రెండో విభాగంలో ఆ అవసరం లేదు. ఆ గంట విని తల్లులు భయపడి జబ్బున పడుతున్నారేమోనని డాక్టరుకు అనుమానం వచ్చింది. వేరే దారిన, గంట లేకుండా రమ్మని పాదిరిని అడిగాడు. పాదిరి ఒప్పుకున్నాడు. చావులు తగ్గలేదు. కాబట్టి కారణం గంట కాదని తేలింది.

1847లో సెమ్మెల్వైస్ తోటి డాక్టరొకరు శవపరీక్ష చేస్తుండగా కత్తి గీసుకుని, బాలింత జ్వరం లాంటి లక్షణాలతోనే చనిపోయాడు. అప్పుడు అసలు సంగతి తెలిసింది. డాక్టర్లు, విద్యార్థులు పొద్దున శవాలను కోసి, అదే చేతులతో వచ్చి తల్లులను పరీక్షించేవారు. మంత్రసానులు శవాల దగ్గరకు వెళ్ళేవారు కాదు. తేడా అదే. ఆ ఏడాది మే నెలలో, లోపలికి వచ్చే ప్రతి ఒక్కరూ క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్ళతో చేతులు కడుక్కోవాలని అతడు నియమం పెట్టాడు. అది మన ఊరి బావుల్లో వేసే బ్లీచింగ్ పౌడరు జాతిదే. ఏప్రిల్ నెలలో నూటికి 18 మంది తల్లులు చనిపోయిన ఆ విభాగంలో, జూన్, జూలై నాటికి ఆ సంఖ్య రెండు, అంతకన్నా తక్కువకు దిగిపోయింది.

ఇంత కళ్ళ ముందు జరిగినా పెద్ద డాక్టర్లలో చాలామంది ఒప్పుకోలేదు. ప్రాణం పోసే మా చేతులే ప్రాణం తీశాయంటావా అని వారికి కోపం వచ్చింది. 1865లో సెమ్మెల్వైస్ ఒక పిచ్చాసుపత్రిలో చనిపోయాడు. అప్పటికి అతనికి 47 ఏళ్ళు. రెండేళ్ళ తరువాత, 1867లో, జోసెఫ్ లిస్టర్ అనే బ్రిటిష్ సర్జన్ కార్బాలిక్ ఆమ్లంతో గాయాలను శుభ్రం చేసి చీము పట్టకుండా ఆపవచ్చని ప్రచురించాడు. నెమ్మదిగా లోకం నమ్మింది.

ఈ చరిత్రలో నన్ను కదిలించినవి రెండు. మొదటిది, సెమ్మెల్వైస్ ఇతరులను మాత్రమే తప్పుపట్టలేదు. తాను కూడా శవపరీక్షలు చేసి వచ్చి రోగులను ముట్టుకున్నవాడే. తన వల్ల ఎందరు కాలం తీరకుండానే సమాధికి చేరారో దేవునికే తెలుసునన్న అర్థంలో తన పుస్తకంలో ఒప్పుకున్నాడు. రెండోది ఆ పాదిరి. "నాది పరిశుద్ధమైన పరిచర్య, నన్ను దారి మార్చుకోమంటావా" అని అతడు వాదించలేదు. తన గంట వల్ల రోగికి హాని ఉందేమోనన్న అనుమానం ఒక్కటి చాలు, దారి మార్చుకున్నాడు. పేరు కూడా తెలియని ఆ పాదిరికి ఉన్న వినయం, ఆ ఆదివారం వార్డు తలుపు దగ్గర నాకు లేదు.

లోపల జరిగేది ఏమిటి

ఇప్పటి సంగతి చూద్దాం. ఏదో జబ్బుకు ఆసుపత్రిలో చేరి, అక్కడ మరో జబ్బు అంటించుకోవడం మన దగ్గర అరుదైన సంగతి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఆసుపత్రిలో చేరిన ప్రతి 100 మందిలో ధనిక దేశాల్లో ఏడుగురికి, మనలాంటి దేశాల్లో 15 మందికి అక్కడే కనీసం ఒక ఇన్ఫెక్షన్ సోకుతోంది. సోకినవారిలో సగటున పది మందిలో ఒకరు చనిపోతున్నారు. మన మందిరంలో చాపల మీద కూర్చునే వంద మందినీ ఒకసారి కళ్ళ ముందు ఉంచుకోండి. అందులో పదిహేను మంది! చేతుల శుభ్రత, ఇతర చిన్న ఖర్చు జాగ్రత్తలు సరిగ్గా పాటిస్తే ఈ ఇన్ఫెక్షన్లలో 70 శాతం వరకు ఆపవచ్చని కూడా అదే సంస్థ చెబుతోంది.

క్రిములు రోగి ఒంట్లోకి వెళ్ళడానికి ముఖ్యంగా నాలుగు దారులున్నాయి. ఆపరేషన్ గాయం ఒకటి. సెలైన్ ఎక్కించడానికి చేతికి పెట్టే సూది గొట్టం ఒకటి. మూత్రం పైపు ఒకటి. ఊపిరి కోసం గొంతులోకి వేసే వెంటిలేటర్ గొట్టం ఒకటి. దేవుడు మన ఒంటికి చర్మాన్ని కంచెలా పెట్టాడు. బాగు చేయడానికే అయినా డాక్టర్లు ఆ కంచెకు ఒక గండి పెట్టక తప్పదు. ఆ గండి దగ్గర కాపలా ఉండాలి. అందుకే ఆ నర్సమ్మ తలుపు దగ్గర నిలబడింది. మేము ఆమెను దాటుకుని వెళ్ళాం.

పైగా ఆసుపత్రిలో తిరిగే క్రిములు మన పొలం మట్టిలో ఉండేవాటిలాంటివి కావు. రకరకాల యాంటీబయోటిక్ మందులు తిని తిని రాటుదేలినవి. వాటిలో కొన్నింటికి మామూలు మందులు పనిచేయవు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు అలాంటి క్రిమి సోకితే డాక్టరు చేతిలో మిగిలే మందులు బహు తక్కువ. రాకుండా ఆపడమే పెద్ద మందు.

దీనికోసం ఆసుపత్రుల్లో చాలా ప్రయత్నం జరుగుతోంది. నర్సు, డాక్టరు ఐదు సందర్భాల్లో చేతులు శుభ్రం చేసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నేర్పిస్తోంది: రోగిని ముట్టుకునే ముందు, సూది వేయడం, కట్టు కట్టడం లాంటి పనికి ముందు, రక్తం, చీము, మూత్రం లాంటివి తగిలే పని తరువాత, రోగిని ముట్టుకున్న తరువాత, రోగి మంచాన్నో బల్లనో ముట్టుకున్న తరువాత. సబ్బుతో అయితే 40 నుంచి 60 సెకన్లు, చేతులకు రాసుకునే స్పిరిట్ ద్రవంతో అయితే 20 నుంచి 30 సెకన్లు. ప్రతి సంవత్సరం మే 5ను చేతుల శుభ్రత దినంగా పాటిస్తున్నారు. మన దేశంలో 2015లో కాయకల్ప్ అనే పథకం మొదలైంది. శుభ్రత, ఇన్ఫెక్షన్ల నివారణ బాగా పాటించే ప్రభుత్వ ఆసుపత్రులకు దాని కింద బహుమానాలిస్తారు. ఆసుపత్రిలో రంగు రంగుల చెత్తబుట్టలు మీరు చూసే ఉంటారు. 2016 నిబంధనల ప్రకారం రక్తం అంటిన దూది, కట్లు పసుపు సంచిలోకి, వాడేసిన ప్లాస్టిక్ గొట్టాలు ఎరుపులోకి, సూదులు గుచ్చుకోని గట్టి తెల్ల డబ్బాలోకి, గాజు నీలం దానిలోకి వెళ్ళాలి. బత్తాయి తొక్కలు పసుపు బుట్టలో పడేసి వచ్చినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ఆ బుట్టలు ఎత్తేది ఎవరు? ఆ గచ్చు తుడిచేది ఎవరు? మన సంఘంలోని కుటుంబాల వాళ్ళే కొందరు ఆ పని చేస్తున్నారు. మనం తప్పు బుట్టలో వేసిన సూది వాళ్ళ చేతికే గుచ్చుకుంటుంది. ఇది మన ఇంటి సంగతి.

"విశ్వాసం లేదా, అయ్యగారూ?"

ఈ మాటలు చెప్పడం మొదలుపెట్టగానే మన పెద్దల్లో ఒకరు నన్ను అడిగారు: "తెగులు మన దగ్గరకు రాదని 91వ కీర్తనలో ఉంది కదా అయ్యగారూ, మీకు విశ్వాసం తగ్గిందా?" ఇది మంచి ప్రశ్న. తోసిపుచ్చకూడదు.

మత్తయి సువార్త 4వ అధ్యాయం చదవండి. దేవాలయ శిఖరం మీద నిలబడి సాతాను యేసు ప్రభువుకు ఒక వాక్యం చూపించాడు. దూకు, దూతలు పట్టుకుంటారని చెప్పాడు. అది ఏ కీర్తన? ఈ 91వ కీర్తనే. ప్రభువు ఆ వాగ్దానాన్ని కాదనలేదు. అయినా దూకలేదు. దేవుణ్ణి శోధించకూడదని జవాబిచ్చాడు. వాగ్దానం ఆపదలో ఉన్నవాడి ఆదరణ కోసం ఇవ్వబడింది, ఆపదలోకి దూకడానికి కాదు. ఇక్కడ ఇంకొక సంగతి ఉంది. కడగని చేతితో బాలింత మంచం దగ్గరకు వెళ్తే దూకేది నేను కాదు. ఆమెను తోస్తున్నాను. నా విశ్వాసానికి వెల ఆమె కట్టాలా?

మరొకరు మార్కు 7వ అధ్యాయం చూపించారు. చేతులు కడగకుండా తిన్న శిష్యుల పక్షాన ప్రభువు మాట్లాడాడు కదా అని. నిజమే. అక్కడి గొడవ క్రిముల గురించి కాదు, పెద్దల ఆచారం గురించి. దేవుని ముందు మనిషిని అపవిత్రం చేసేది హృదయంలో నుంచి వచ్చేదేనని ప్రభువు నేర్పాడు. అయితే ఆ భాగాన్ని అక్కడితో ఆపకండి. అదే చోట ప్రభువు పరిసయ్యులను దేనికి గద్దించాడు? తల్లిదండ్రులను పోషించవలసిన సొమ్మును కొర్బాను అని, అంటే దేవునికి అర్పితమని చెప్పి తప్పించుకుంటున్నందుకు. ఒక భక్తి మాటను అడ్డం పెట్టుకుని, మనిషికి చేయవలసిన మేలు ఎగ్గొడుతున్నందుకు. ఈ రోజు "విశ్వాసం" అనే మాటను అడ్డం పెట్టుకుని మనం రోగికి చేయవలసిన జాగ్రత్త ఎగ్గొడితే, ఆ కథలో శిష్యుల పక్కన మనకు చోటు ఉండదు. పరిసయ్యుల పక్కనే నిలబడతాం.

"ప్రభువు కుష్ఠరోగిని ముట్టుకోలేదా?" అని కూడా అడుగుతారు. ముట్టుకున్నాడు. ఆయన చేతిలో నుంచి శుద్ధి వెళ్ళింది. నా చేతిలో నుంచి నా చేతి మీద ఉన్నదే వెళ్తుంది: ఆటో రాడ్డు, రూపాయి నోట్లు, సెల్‌ఫోన్, ముందు మంచం మీది రోగి. బాగుపడినవాణ్ణి కూడా ప్రభువు నేరుగా ఇంటికి పంపలేదు. ధర్మశాస్త్రంలో ఉన్నట్టు యాజకునికి చూపించుకోమన్నాడు. ఊరి క్షేమం కోసం పెట్టిన పరీక్షను ఆయన దాటవేయలేదు.

లేవీయకాండం 15వ అధ్యాయంలో స్రావం ఉన్నవాడు నీళ్ళతో చేతులు కడుక్కోకుండా ఎవరినైనా ముట్టుకుంటే ఏం చేయాలో, స్నానానికి పారే నీళ్ళు ఎలా వాడాలో ఉంది. అది సూక్ష్మక్రిముల పాఠ్యపుస్తకమని నేను చెప్పడం లేదు. దేవుని సన్నిధికి సంబంధించిన శుద్ధి విధులు అవి. కానీ మన చేతి స్పర్శ వల్ల పక్కవాడికి ఏమవుతుందో ఆలోచించమని దేవుడు తన ప్రజలకు నేర్పాడన్నది మాత్రం స్పష్టం. మందిరం బయట చెప్పులు విడిచి వస్తున్నాం. అది అవిశ్వాసమని ఎవరూ అనరు. వార్డు బయట చేతులు కడుక్కోవడం ఎలా అవిశ్వాసమవుతుంది?

మన తెలుగు నేల మీద సువార్త, ఆసుపత్రి ఒకరి చేతుల మీదుగానే వచ్చిన చోట్లున్నాయి. 1883లో గుంటూరుకు వచ్చిన లూథరన్ మిషనరీ డాక్టర్ అన్నా సారా కుగ్లర్ స్త్రీలకు, పిల్లలకు వైద్యం మొదలుపెట్టి, 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచింది. ఆమెకు ప్రార్థన ఒక గది, శుభ్రత మరో గది కాదు. ఆ వారసత్వం మనదని చెప్పుకునే మనం, నర్సు మాటను సువార్తకు అడ్డం అనకూడదు. ఆ మాట అన్న నేను మొదట సిగ్గుపడాలి.

మన సంఘంగా ఏం చేద్దాం

యాకోబు పత్రిక రోగి దగ్గరకు పెద్దలను పిలవమంటుంది. పరిచర్య ఆగకూడదు. ఒంటరిగా మంచం మీద ఉన్నవారికి మన ముఖం చూస్తే వచ్చే ధైర్యం నాకు తెలుసు. రావద్దని నేను చెప్పడం లేదు, ఇలా వద్దామంటున్నాను. సంఘ పెద్దలతో మాట్లాడి ఇవి నిర్ణయించుకున్నాం.

ఆసుపత్రికి ఇద్దరికి మించి వెళ్ళం. మిగతావారు అదే సమయానికి మందిరంలో కూడుకుని ప్రార్థిస్తారు. శతాధిపతి ఇంటికి ప్రభువు వెళ్ళకుండానే దాసుడు బాగుపడ్డాడు కదా. ఇద్దరిలో ఎవరికైనా దగ్గు, జలుబు, జ్వరం, విరేచనాలు, చేతి మీద పుండు ఉంటే ఆ రోజు వారు ఆగిపోయి వేరొకరు వెళ్తారు.

వార్డులోకి వెళ్ళే ముందు, బయటికి వచ్చిన తరువాత చేతులు కడుక్కుంటాం. ఉంగరాలు, గడియారం తీసి, వేళ్ళ సందులు, గోళ్ళ కింద, బొటనవేలు చుట్టూ రుద్దాలి. చేతికి మురికి కనిపిస్తుంటే సబ్బు, నీళ్ళే కావాలి, స్పిరిట్ ద్రవం చాలదు. మంచం మీద కూర్చోం. బైబిల్ మన చేతిలోనే ఉంటుంది, తలగడ మీద పెట్టం. ఫోన్ జేబులోనే ఉంటుంది. కట్టు, సూది గొట్టం, మూత్రం సంచి ముట్టుకోం. పసిబిడ్డను ఎత్తుకోం, ముద్దు పెట్టం. అంటుకునే జబ్బున్నవారి గదిలోకి, ఐసీయూలోకి, నెలలు నిండని బిడ్డల గదిలోకి డాక్టరు అనుమతి లేకుండా అడుగు పెట్టం. గాజు తలుపు బయట నిలబడి చేసిన ప్రార్థన దేవునికి వినబడుతుంది.

ఇక నూనె. ఆ పాత సీసా పారబోశాను. ఇక మీదట ఒక్కొక్కరికి ఒక చిన్న కొత్త సీసా. సీసాలో వేలు ముంచం, చుక్క వంచుకుంటాం. నుదుటికి మాత్రమే, గాయం దగ్గర ఎప్పుడూ కాదు. ఒక మంచం నుంచి మరో మంచానికి వెళ్ళాలంటే మళ్ళీ చేతులు శుభ్రం చేసుకోవాలి.

రోగి దగ్గర ఉండే కుటుంబ సభ్యులకు ఒక మాట. మన ఆసుపత్రుల్లో సగం సేవ మీరే చేస్తారు. తినిపించేది మీరు, తుడిచేది మీరు. కాబట్టి మీ చేతులు కూడా నర్సు చేతుల్లాంటివే. "ఈ మూత్రం పైపు ఇంకా అవసరమా అమ్మా? ఈ సూది ఎప్పుడు తీస్తారు?" అని రోజుకోసారి మర్యాదగా అడగండి. ఒంట్లో పైపు ఎన్ని రోజులుంటే అంత ప్రమాదం. సూది పెట్టిన చోట ఎర్రబడినా, వాచినా, కుట్ల దగ్గర తడి కనిపించినా వెంటనే చెప్పండి, తెల్లారేదాకా ఆగవద్దు. యాంటీబయోటిక్ మందులు అడిగి రాయించుకోవద్దు, రాసినవి మధ్యలో మానవద్దు.

క్రిస్మస్ క్యారల్స్‌కు వృద్ధాశ్రమానికి వెళ్ళడం మన యవ్వనస్థులకు ఇష్టం. నాకూ ఇష్టమే. అక్కడి తాతలకు, మామ్మలకు మన జలుబు జలుబుగా ఆగదు, ఊపిరితిత్తుల దాకా పోతుంది. దగ్గుతున్నవాళ్ళు ఆ రోజు ఇంట్లో ఉండాలి. పాట వరండాలో నిలబడి పాడుదాం, కేకు ఆశ్రమం వాళ్ళ చేతికిచ్చి వాళ్ళనే పంచమందాం.

అడగవలసింది కూడా ఉంది

తప్పంతా వచ్చిపోయేవారిదే అంటే అది కూడా అబద్ధమే. ఆ నర్సమ్మ చేతులు కడుక్కోమని చూపించిన చోటికి తరువాత నేను వెళ్ళి చూశాను. కుళాయి ఉంది, సబ్బు లేదు. ఒక నర్సుకు వార్డు మొత్తం అప్పగించి ప్రతి రోగికీ చేతులు కడుక్కో అంటే ఆమె ఏం చేస్తుంది? గచ్చు తుడిచే అక్కకు నెలల తరబడి జీతం ఆపి, గ్లోవ్స్ ఇవ్వకుండా శుభ్రత కావాలంటే అది న్యాయమా? ఇటుకలకు గడ్డి ఇవ్వకుండా లెక్క మాత్రం తగ్గకూడదన్న ఫరో తీర్పు అది.

కాబట్టి మనం అడగాలి. ఆసుపత్రి పెద్దలను, ఎన్నికలప్పుడు మన గుమ్మం ఎక్కే నాయకులను అడగాలి. ప్రతి వార్డుకు నీళ్ళు వచ్చే కుళాయి, సబ్బు, మంచం మంచానికి స్పిరిట్ సీసా, చాలినంతమంది నర్సులు, శుభ్రం చేసేవారికి వేళకు జీతం, చేతులకు తొడుగులు. రోడ్డు కోసం వినతిపత్రం ఇచ్చినట్టే దీనికోసం కూడా ఇద్దాం. ఈ నెల నుంచి స్త్రీల సమాజం గుప్పెడు బియ్యం సొమ్ములో కొంత మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి సబ్బుల కోసం ఇవ్వాలని అక్కలు తీర్మానించారు. అది చిన్నదే. ప్రభుత్వం చేయవలసిన పనికి అది బదులు కాదు. అయినా సబ్బు లేని కుళాయి చూసి వచ్చినవాళ్ళు ఒట్టి చేతులతో ఉండకూడదు.

చివరగా ఒక సంగతి. ఆ నర్సమ్మ దగ్గరకు వెళ్ళి క్షమాపణ అడిగాను. ఆమెకు నేను గుర్తే లేను, రోజూ నాలాంటివాళ్ళు ఎంతమంది! విషయం చెప్పగానే కొంచెం నవ్వింది. "పర్వాలేదు అయ్యగారూ. మేము చెబితే గొడవ పడతారు, మీరు చెబితే వింటారు. ఆ మాట మీరే చెప్పండి" అంది. పుల్పిట్ మీద ఆమె గురించి అన్న మాటను పుల్పిట్ మీదే వెనక్కి తీసుకున్నాను. ఆ రోజు రానివారి కోసం, దూరంగా ఉన్నవారి కోసం ఇక్కడ రాస్తున్నాను. ఆమె సువార్తకు అడ్డు రాలేదు. మనలో ఒక బిడ్డకు కాపలా ఉంది.

ప్రార్థన: పరిశుద్ధుడవైన తండ్రీ, రోగుల మీద ఉంచమని నీవు ఇచ్చిన ఈ చేతులను అజాగ్రత్తగా వాడినందుకు మమ్మల్ని క్షమించు. తెలిసీ తెలియక మేము చేసిన హాని నీకే తెలుసు. రాత్రి డ్యూటీలో ఉన్న నర్సులను, గచ్చు తుడిచే అక్కలను, చెత్త ఎత్తే అన్నలను కాపాడు. వారి మాట వినే వినయం మాకు ఇవ్వు. మా ప్రార్థన వల్ల రోగికి మేలే గాని కీడు కలగకుండా మా హృదయాలను, మా చేతులను శుద్ధి చేయమని యేసుక్రీస్తు నామంలో అడుగుతున్నాము తండ్రీ. ఆమేన్.

మీ ప్రార్థనల్లో నన్ను, పాస్టరమ్మను జ్ఞాపకం చేసుకోండి. ఆసుపత్రిలో మనవారు ఎవరైనా ఉంటే కబురు చేయండి. ఇద్దరం వస్తాం, చేతులు కడుక్కుని వస్తాం.